ఉబ్బసం మందు ఎక్కువైందని ఎలా తెలుస్తుంది? సరిహద్దు ఇళ్లలో తరచుగా అడిగే ప్రశ్నలు

పర్లాకిమిడిలో మందుల షాపు నాది. కౌంటర్ వెనక కూర్చుని ఇరవై ఏళ్లు దాటింది. ఊరు ఒడిశాలో ఉన్నా వచ్చేవాళ్లలో సగం మంది తెలుగులోనే మాట్లాడతారు. సైకిల్ తొక్కుకుంటూ వెళ్తే పాతపట్నం వచ్చేస్తుంది, అది ఆంధ్ర. చలికాలం మొదలైతే చాలు, ఉబ్బసం చీటీలు రెండు వైపుల నుంచీ వస్తాయి. ఆ చీటీలతోపాటు వచ్చే ప్రశ్నలే ఇవి. నేను ఫార్మసిస్టుని, డాక్టర్ని కాదు. ఏ మందు మీద అనుమానం పెంచుకోవాలో, ఎప్పుడు ఆసుపత్రికి పరుగెత్తాలో మాత్రం చెప్పగలను.

ఊపిరి ఆడటానికి ఇచ్చే మందు విషం ఎలా అవుతుంది?

అన్ని మందులూ ఒకేలా ఉండవు. కొన్నింటిలో పనిచేసే మోతాదుకీ, హాని చేసే మోతాదుకీ మధ్య చాలా దూరం ఉంటుంది. పొరపాటున ఒకటి ఎక్కువ పడినా ఒళ్లు తట్టుకుంటుంది. థియోఫిలిన్ అలా కాదు. రక్తంలో అది మిల్లీలీటరుకు 10 నుంచి 20 మైక్రోగ్రాముల మధ్య ఉంటే పనిచేస్తుందని పాత లెక్క. ఇప్పుడు 5 నుంచి 15 చాలంటున్నారు. 20 దాటితే బాధలు మొదలవుతాయి, కొందరికి అంతకంటే ముందే మొదలవుతాయి. గట్టు చాలా సన్నం. ఆ గట్టు మీద ఏళ్లతరబడి నడిచేవాళ్లు మన ఇళ్లలో ఎంతోమంది.

థియోఫిలిన్ అన్నది మొదట టీ ఆకులో దొరికిన పదార్థం. 1888లో ఆల్‌బ్రెక్ట్ కోసెల్ అనే జర్మన్ శాస్త్రవేత్త దాన్ని వేరు చేశాడు. కాఫీలోని కెఫీన్‌కి ఇది దాయాది. అందుకే ఇది ఎక్కువైన మనిషి ఖాళీ కడుపుతో ఇరవై టీలు తాగినట్టు ఉంటాడు. నిద్ర పట్టదు, చేతులు వణుకుతాయి, గుండె దడదడలాడుతుంది, కడుపులో తిప్పుతుంది.

నేను వాడేది ఆ మందో కాదో నాకెలా తెలుస్తుంది?

స్ట్రిప్పు వెనక సన్న అక్షరాల్లో రాసిన పేరు ఎవరిచేతైనా చదివించండి. చివర ‘ఫిలిన్’ అని ఉంటే ఆ కుటుంబమే: థియోఫిలిన్, ఎటోఫిలిన్, ఎమినోఫిలిన్, డాక్సోఫిలిన్, ఎసిబ్రోఫిలిన్. మన వైపు అందరి నోటా ఉండే డెరిఫిలిన్‌లో ఎటోఫిలిన్, థియోఫిలిన్ రెండూ ఉంటాయి. డాక్సోఫిలిన్ గుండె మీద కాస్త మెత్తగా ఉంటుందంటారు, అలాగని ఎక్కువైతే ఊరుకోదు. ఎమోక్సిసిలిన్‌ని చూసి కంగారు పడకండి. అది ‘సిలిన్’, యాంటీబయాటిక్. ఈ తేడా నేను రోజుకు రెండుసార్లయినా చెబుతుంటాను.

రెండో కుటుంబం సాల్బుటమాల్, లెవోసాల్బుటమాల్, టెర్బుటలిన్. పంపు (ఇన్‌హేలర్), బిళ్ల, సిరప్, నెబులైజర్ నాలుగు రూపాల్లోనూ దొరుకుతాయి. ఇవి థియోఫిలిన్ అంత మొండివి కావు. అయినా వాటి సంగతి కింద చెబుతాను.

ముందుగా కనిపించే లక్షణం ఏది?

ఎక్కువమందిలో వాంతులు. ఒకటి రెండు అయి ఆగవు, మంచినీళ్లు తాగినా తిరిగి వచ్చేస్తాయి. దాంతోపాటు చేతివేళ్ల వణుకు, తలనొప్పి, చిరాకు, రాత్రంతా నిద్ర లేకపోవడం, గుండె దడ. ఈ దశలోనే పట్టుకుంటే మంచిది. ముదిరితే నాడి లయ తప్పుతుంది, బీపీ పడిపోతుంది, మనిషి అయోమయంగా మాట్లాడతాడు, ఫిట్స్ వస్తాయి.

ఏళ్ల తరబడి రోజూ వేసుకునే పెద్దవాళ్లలో ఈ వరస తప్పవచ్చు. వాంతీ లేదు, వణుకూ లేదు, నేరుగా ఫిట్స్‌తోనే బయటపడవచ్చు. అందుకని అరవై దాటినవాళ్లకి ‘ఫిలిన్’ వాడకం ఉంటే ఏ కొత్త బాధ వచ్చినా ముందు మందునే అనుమానించాలని నా అభిప్రాయం.

మరో మెలిక. రిటార్డ్, ఎస్ఆర్ అని రాసి ఉండే బిళ్లలు కడుపులో మెల్లగా కరుగుతాయి. పొద్దున ఎక్కువ మింగితే సాయంత్రందాకా మనిషి బాగానే కనబడవచ్చు, రాత్రికి తిరగబడుతుంది. ‘మధ్యాహ్నం దాకా ఏమీ కాలేదు కదా’ అని ఇంట్లో కూర్చోకండి. ఆ బిళ్లల్ని నమలడం, దంచి తేనెలో కలపడం కూడా తప్పే. పన్నెండు గంటలకి సరిపడా మందు ఒక్కసారే రక్తంలోకి దిగిపోతుంది.

ఆయాసం పెరిగిందా, మందు ఎక్కువైందా? రెంటికీ దడే కదా?

అసలు చిక్కంతా ఇక్కడే. దడ వచ్చిందంటే ఆయాసం ముదిరిందనుకుని ఇంకో బిళ్ల వేస్తారు. అది మంటలో కిరోసిన్ పోయడమే.

ఆయాసం ముదిరితే ఛాతీలో పిల్లికూతలు వినిపిస్తాయి, ఊపిరి వదలడం కష్టమవుతుంది, మనిషి ముందుకు వంగి కూర్చుంటాడు, ఒక మాట అని ఆగుతాడు. మందు ఎక్కువైతే పిల్లికూతలు అంతగా ఉండకపోవచ్చు, మాట ధారాళంగానే వస్తుంది, కానీ చేతులు వణుకుతుంటాయి, వాంతులు ఆగవు, ఒకచోట కుదురుగా ఉండలేరు. షాపులో నేను చేసే పని ఒకటుంది. ‘రెండు చేతులూ ముందుకు చాపి వేళ్లు విడదీయండి మావయ్యా’ అంటాను. వాటి మీద ఒక కాగితం పెడితే అది టపటపలాడుతుంది. ఇది పరీక్ష కాదు, అనుమానానికి ఒక ఆధారం అంతే.

ఇంకో తికమక కూడా ఉంది. సాల్బుటమాల్ బాగా ఎక్కువైనప్పుడు రక్తంలో లాక్టిక్ ఆమ్లం పేరుకుని ఊపిరి వేగంగా ఆడుతుంది. పైకి అచ్చం ఆయాసంలా ఉంటుంది, కూతలు మాత్రం ఉండవు. ‘గ్యాసు’ (నెబులైజర్) పెట్టేకొద్దీ ఎగశ్వాస పెరుగుతోందంటే ఆ మాట డాక్టర్‌కి తప్పకుండా చెప్పండి.

రెండూ ఒకేసారి ఉండే మనుషులూ ఉంటారు. ఇంట్లో తేల్చుకోలేకపోతే తేల్చుకోవద్దు, బయల్దేరండి.

ఆరేళ్లుగా అదే బిళ్ల, అదే డోసు. ఇప్పుడు కొత్తగా ఎందుకు తేడా చేస్తుంది?

మా మేనత్త కథే చెబుతాను. కాశీనగర్‌లో ఉంటుంది. ఆరేళ్లుగా రోజుకు రెండు పూటలా రిటార్డ్ బిళ్ల. ఒక నవంబరులో జ్వరం, విరేచనాలు పట్టుకున్నాయి. ఎవరో సిప్రోఫ్లాక్సాసిన్ ఇచ్చారు. మూడో రోజున టీ గ్లాసు పట్టుకోలేకపోయింది, సగం టీ చీర మీదే. అర్ధరాత్రి రెండింటికి లేచి చేట ముందు పెట్టుకుని బియ్యం ఏరుతోందట. ‘నిద్ర రావట్లేదురా, చేతులు ఊరుకోవట్లేదు’ అంది. తెల్లారేసరికి నాలుగు వాంతులు. నీరసమనుకుని, ఆయాసం కూడా వచ్చేలా ఉందని మా బావ ఇంకో బిళ్ల వేశాడు. నాకు ఫోను వచ్చేసరికి నాడి నూట నలభై. ఆసుపత్రిలో ఈసీజీ తీసి, రక్తంలో పొటాషియం బాగా పడిపోయిందన్నారు. నాలుగు రోజులు ఉంచుకుని పంపారు.

డోసు మారలేదు, దాన్ని ఖర్చుచేసే కాలేయం మారింది. థియోఫిలిన్‌ని విరిచి బయటికి పంపేది కాలేయమే. సిప్రోఫ్లాక్సాసిన్, ఎరిత్రోమైసిన్, క్లారిత్రోమైసిన్ లాంటివి ఆ పనికి అడ్డుపడతాయి. గౌట్‌కి వాడే ఎలోప్యూరినాల్, కడుపు మంటకి ఒకప్పుడు ఎక్కువగా రాసిన సిమెటిడిన్, కొన్ని గర్భనిరోధక బిళ్లలు కూడా అంతే. అజిత్రోమైసిన్‌తో ఈ గొడవ పెద్దగా ఉండదు. వైరల్ జ్వరం, కాలేయ జబ్బు, గుండె బలహీనత కూడా ఈ మందు బయటికి పోకుండా ఆపుతాయి.

ఇక చుట్ట. మన ఉత్తరాంధ్ర, ఒడిశా తీరపు ఊళ్లలో మా అత్త ఈడు ఆడవాళ్లు నిప్పు నోట్లోకి పెట్టుకుని అడ్డచుట్ట కాలుస్తారు. పొగ తాగేవాళ్ల ఒంట్లో థియోఫిలిన్ తొందరగా ఖర్చయిపోతుంది. డాక్టర్ ఆ లెక్కకి తగ్గట్టే డోసు పెట్టి ఉంటాడు. జ్వరంతో వారం రోజులు చుట్ట ముట్టకపోతే అదే డోసు ఒంట్లో పేరుకుపోతుంది. మా అత్తకి సిప్రో ఒక వైపు, ఆగిన చుట్ట ఇంకో వైపు. చుట్ట మానడం వెయ్యి రెట్లు మంచిదే, మళ్లీ మొదలెట్టమని చెప్పట్లేదు. మానేటప్పుడు డాక్టర్‌కి చెప్పి బిళ్ల తగ్గించుకోవాలి, అంతే.

టీబీ మందుల్లో ఉండే రిఫాంపిసిన్ వీటికి పూర్తిగా ఉల్టా. అది ఉన్నంతకాలం థియోఫిలిన్ తగ్గిపోతుంది, డోసు పెంచుతారు. కోర్సు అయిపోయాక పెంచిన డోసు అలాగే ఉండిపోతే గొడవ.

పర్లాకిమిడిలో ఒక డాక్టర్, శ్రీకాకుళంలో ఒక డాక్టర్. ఇద్దరి మందులూ వాడొచ్చా?

సరిహద్దు ఊళ్లలో మందు ఎక్కువవడానికి నేను చూసిన పెద్ద కారణం ఇదే. కావాలని ఎవరూ ఎక్కువ మింగరు. ఇక్కడి చీటీలో ఒక కంపెనీ పేరు, అక్కడి చీటీలో ఇంకో కంపెనీ పేరు, రెండింట్లోనూ ఉన్నది ఒకటే. రంగు వేరు, డబ్బా వేరు. పైగా దగ్గుకని తెచ్చుకున్న సిరప్‌లో లెవోసాల్బుటమాల్‌గానీ టెర్బుటలిన్‌గానీ ఉంటుంది. పంపులోనూ ఆ కుటుంబమే. మూడు దారుల్లో ఒకటే మందు లోపలికి పోతోందని ఎవరికీ తట్టదు.

పైగా భాష. ఇక్కడ కాంపౌండర్ ‘సకాళే గొటే, రాతిరే గొటే’ అంటాడు, పొద్దున ఒకటి, రాత్రి ఒకటి అని. కొండ ఊళ్ల నుంచి వచ్చిన మన ముసలాయన తలూపి వెళ్లి రెండేసి మింగుతాడు. అర్థం కాలేదని అడగడానికి మొహమాటం. నేను స్ట్రిప్పు మీద పెన్నుతో సూర్యుడి బొమ్మ, చంద్రుడి బొమ్మ గీసి, పక్కన గీతలు పెట్టి ఇస్తాను. మీ షాపులో ఇవ్వకపోతే గీయమని అడగండి, సిగ్గేం లేదు.

ఎక్కడికి వెళ్లినా ఇంట్లో ఉన్న స్ట్రిప్పులన్నీ ఒక సంచిలో వేసుకుని పట్టుకెళ్లండి. చీటీ కన్నా స్ట్రిప్పు నిజం చెబుతుంది.

పంపు ఎక్కువసార్లు కొడితే ప్రమాదమా?

చేతులు వణుకుతాయి, దడ వస్తుంది, కాసేపటికి తగ్గుతుంది. గుండె జబ్బు ఉన్నవాళ్లు, పొటాషియం తగ్గించే నీటి బిళ్లలు (మూత్రం ఎక్కువ పోవడానికి ఇచ్చేవి) వాడేవాళ్లు మాత్రం జాగ్రత్తపడాలి.

ఒక లెక్క చెబుతాను. సాల్బుటమాల్ పంపులో ఒక్కో నొక్కుకు 100 మైక్రోగ్రాములు. 4 మిల్లీగ్రాముల బిళ్ల అంటే అలాంటి నలభై నొక్కులు. మామూలు సిరప్ ఒక చెంచా, అంటే 5 మిల్లీలీటర్లలో 2 మిల్లీగ్రాములు, ఇరవై నొక్కులు. పంపు అంటే భయపడి ‘బిళ్లే తేలిక’ అనుకునేవాళ్లకి ఈ లెక్క చూపించాలి. ఒళ్లంతటికీ ఎక్కేది బిళ్లా, సిరప్పూ. పంపు మందు తక్కువ మోతాదుతోనే నేరుగా ఊపిరితిత్తుల్లో పనిచేస్తుంది.

అసలు భయం వేరే ఉంది. సాల్బుటమాల్ ఉండే నీలం పంపు ఉపశమనానికే గానీ ఊపిరితిత్తుల వాపు తగ్గించదు. 200 నొక్కుల పంపులు ఏడాదికి మూడు ఖాళీ అవుతున్నాయంటే జబ్బు అదుపులో లేనట్టు. ఉబ్బసం మీద ప్రపంచమంతా అనుసరించే గినా మార్గదర్శకాలు 2019 నుంచి ఈ పంపు ఒక్కదానితోనే నెట్టుకురావద్దని చెబుతున్నాయి. స్టెరాయిడ్ కలిసిన పంపు రాయమని డాక్టర్‌ని అడగండి.

పిల్లాడు సిరప్ సీసా ఎత్తి తాగేశాడు. బాగానే ఆడుకుంటున్నాడు. ఏం చేయాలి?

ఆసుపత్రికి తీసుకెళ్లండి. సీసా కూడా. ఎంత మిగిలిందో చూస్తే ఎంత తాగాడో డాక్టర్ లెక్కేస్తారు. సాల్బుటమాల్ సిరప్ తీపి, రంగు. పిల్లలు ఇష్టంగా తాగుతారు. ముఖం ఎర్రబడటం, గుండె వేగం, గెంతులు, వాంతులు కనిపిస్తాయి. రక్తంలో పొటాషియం తగ్గుతుంది, షుగర్ పెరుగుతుంది. చాలామంది పిల్లలు కొన్ని గంటలు కనిపెట్టి చూస్తే తేరుకుంటారు. ‘ఫిలిన్’ సిరప్ అయితే మాత్రం ఒక్క నిమిషం కూడా ఆగొద్దు.

పొద్దుటి డోసు మర్చిపోయాను. రాత్రికి రెండూ కలిపి వేసుకోవచ్చా?

వద్దు. పోయింది పోయింది.

ఇంట్లో ఏం చేయాలి? వాంతి చేయించాలా?

చేయించకండి. ఉప్పునీళ్లు, వేలు పెట్టడం, కుంకుడు రసం, ఏదీ వద్దు. ఫిట్స్ వచ్చే ప్రమాదం ఉన్న మనిషికి వాంతి చేయిస్తే అది ఊపిరితిత్తుల్లోకి పోతుంది. మజ్జిగ, నిమ్మరసం విరుగుడు కావు. పొయ్యిలో బొగ్గు నూరి తాగించినవాళ్లని కూడా చూశాను. ఆసుపత్రిలో ఇచ్చే బొగ్గు పొడి వేరు, మన పొయ్యి బొగ్గు వేరు.

తర్వాతి డోసు ఆపండి. టీ, కాఫీ ఇవ్వకండి. 108కి ఫోన్ చేయండి, ఒడిశాలోనూ ఆంధ్రలోనూ అదే నంబరు. ఫిట్స్ వస్తే ఎడమ పక్కకు తిప్పి పడుకోబెట్టండి. చేతిలో తాళాల గుత్తి పెట్టడం, నోట్లో చెంచా పెట్టడం వద్దు. చేతిలో ఇనుము పెడితే ఫిట్స్ ఆగవు, మామూలు ఫిట్స్ చాలాసార్లు వాటంతట అవే ఆగుతాయి, మనం ఇనుముకి పేరు ఇస్తాం.

దారిలో ఉండగా సలహా కావాలంటే ఢిల్లీ ఎయిమ్స్‌లోని జాతీయ విష సమాచార కేంద్రం టోల్‌ఫ్రీ నంబరు 1800 116 117. మందు పేరు, ఎన్ని, ఎప్పుడు, మనిషి వయసు, బరువు చెప్పడానికి సిద్ధంగా ఉండండి.

ఎక్కడికి తీసుకెళ్లాలి? డ్యూటీ డాక్టర్‌కి తెలుగు రాకపోతే?

ముందు దగ్గర్లో ఉన్న పెద్దాసుపత్రికి. ఈసీజీ, సెలైన్, ఫిట్స్ ఆపే ఇంజక్షన్ అక్కడ ఉంటాయి. డయాలిసిస్ దాకా వెళ్తే గంజాం వైపు వాళ్లని బరంపురం ఎంకేసీజీ ఆసుపత్రికి, కొరాపుట్ వైపు వాళ్లని అక్కడి మెడికల్ కాలేజీకి, మాలాంటి వాళ్లని ఒక్కోసారి శ్రీకాకుళానికో విశాఖ కేజీహెచ్‌కో పంపుతారు. రాష్ట్రం ఏదని చూడకండి, దూరం ఎంతని చూడండి.

ఒడియా రానివాళ్లు ఈ నాలుగు ముక్కలు గుర్తుంచుకుంటే చాలు. ‘శ్వాస ఔషధ బేసి ఖాయి దేఇఛంతి’ అంటే ఆయాసం మందు ఎక్కువ మింగారు. ‘బాంతి హెఉఛి’, వాంతులవుతున్నాయి. ‘హాత థరుఛి’, చేతులు వణుకుతున్నాయి. ‘ఛాతి ధడధడ హెఉఛి’, గుండె దడగా ఉంది. ఇవి అని స్ట్రిప్పులు చేతిలో పెట్టండి, మిగతాది వాళ్లు చూసుకుంటారు.

అక్కడ ఏం చేస్తారు? విరుగుడు ఇంజక్షన్ ఉందా?

థియోఫిలిన్‌కి ప్రత్యేకమైన విరుగుడు లేదు. మెడిసినల్ చార్‌కోల్ అనే నల్లటి ద్రవం ఒకసారి కాదు, కొన్ని గంటలకోసారి తాగిస్తారు. పేగుల్లో ఉన్న మందునే కాక రక్తంలో ఉన్నదాన్ని కూడా అది లాగేస్తుంది. వాంతులు ఆపడానికి, పొటాషియం నింపడానికి, గుండె వేగం తగ్గించడానికి మందులిస్తారు. మరీ ఎక్కువైతే డయాలిసిస్. అది కిడ్నీ పాడైందని కాదు, రక్తం కడగడానికని ముందే తెలిస్తే ఇంట్లోవాళ్లకి సగం టెన్షన్ తగ్గుతుంది. రక్తంలో థియోఫిలిన్ ఎంతుందో కొలిచే పరీక్ష చిన్న ఊళ్లలో దొరకదు. లక్షణాలు, ఈసీజీ చూసే నడిపిస్తారు.

కావాలనే మింగారని అనుమానంగా ఉంది. చెబితే పోలీసు కేసు అవుతుందని భయం.

డాక్టర్‌కి నిజం చెప్పండి. ‘పొరపాటున ఒకటి ఎక్కువైంది’ అని దాస్తే రాత్రికి రావాల్సిన ప్రమాదాన్ని వాళ్లు ముందుగా ఊహించలేరు. ఆ మనిషిని ఒంటరిగా వదలకండి, తిట్టకండి. మనసు బాధకి ప్రభుత్వ హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416 రాత్రీ పగలూ పలుకుతుంది, తెలుగులో కూడా మాట్లాడతారు.

స్టెరాయిడ్ బిళ్లలు, మాంటెలుకాస్ట్ సంగతేమిటి?

ప్రెడ్నిసొలోన్ ఒక రోజు ఎక్కువైతే వచ్చే గొడవ తక్కువ, నెలలతరబడి అడక్కుండా వాడితేనే నష్టం. ముఖం ఉబ్బుతుంది, షుగర్ పెరుగుతుంది, ఎముకలు గుల్లబారతాయి, కంట్లో శుక్లాలు వస్తాయి. అలాగని ఒక్కరోజులో ఆపేయకూడదు, మనిషి కుప్పకూలిపోవచ్చు. మాంటెలుకాస్ట్ వేసుకునే పిల్లలు పీడకలలతో లేస్తున్నా, స్వభావం మారినా డాక్టర్‌కి చెప్పాలి. ఈ విషయంలో అమెరికా ఔషధ సంస్థ 2020లో గట్టి హెచ్చరిక పెట్టింది.

సంతలో అమ్మే ఉబ్బసం పొడి మూలికలే కదా?

ఏ మూలికో రాసి ఉందా? లేదు. ఒక్క రోజులో ఆయాసం మాయమై, నెలకే ముఖం గుండ్రంగా అయిందంటే అందులో స్టెరాయిడ్ కలిపి ఉండవచ్చు. మృగశిర కార్తెకి హైదరాబాద్ వెళ్లి చేప ప్రసాదం తీసుకునేవాళ్లు మా ఊళ్లోనూ ఉన్నారు, వాళ్లతో నేను వాదన పెట్టుకోను. రోజూ వాడే పంపు మాత్రం మానొద్దని చెబుతాను.

తగ్గి ఇంటికొచ్చాక అదే బిళ్ల మళ్లీ మొదలెట్టొచ్చా?

మీ అంతట మీరు మొదలెట్టొద్దు. డిశ్చార్జి కాగితంలో ‘ఫిలిన్’ ఉందో లేదో చూసుకోండి, లేకపోతే ఇంట్లో ఉన్న పాత స్ట్రిప్పులు తీసేయండి. చాలామందికి ఆ బిళ్ల అవసరమే ఉండదు, పంపుతో సరిపోతుంది. మా అత్త ఇప్పుడు పంపు మీదే ఉంది. స్పేసర్ గొట్టం పెట్టుకుని పీల్చడం నేర్చుకోవడానికి ఆమెకి రెండు పూటలు పట్టింది. కిందటి సంక్రాంతికి వచ్చినప్పుడు కొంగు ముడి విప్పి ఒక స్ట్రిప్పు తీసి నా కౌంటర్ మీద పెట్టింది. ఆరు బిళ్లలు మిగిలి ఉన్నాయి. ‘డబ్బులు ఇవ్వక్కర్లేదు గానీ ఇది నువ్వే ఉంచుకోరా’ అంది.